మంచు లోయలో తొలి కుట్టు

నూట అరవై ఏళ్ల క్రితం హిమాలయాల నడుమ ఒక లోయ చేతిలోకి రెండు సూదులు తీసుకొన్నది. ఆనాడు మొదలైన పాఠం ఇంకా ముగియలేదు.

మనాలీ పట్టణం దాటి ఉత్తరంగా సాగే బాట ఒకప్పుడు రోహతాంగ్ కనుమ ఎక్కి దిగేది. 3,978 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కనుమ మీద మంచు పేరుకొన్నదంటే, ఆవలి లాహౌల్ లోయకు ఈవలి ప్రపంచంతో రాకపోకలు తెగిపోయేవి. నవంబరులో మూసుకొన్న తలుపు తిరిగి తెరుచుకొనేది ఏ మే నెలలోనో. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన అటల్ సొరంగం కొండ కడుపులోంచి మరొక తలుపు తెరిచింది. దాని పొడవు తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. లోపలికి పోయేటప్పుడు ఇరుపక్కలా దేవదారు అడవుల పచ్చదనం. పావుగంటలో వెలుపలికి వచ్చేసరికి ఎత్తైన రాతికొండలు, వాటి పాదాల చెంత బంగాళాదుంప, బఠానీ చేలు, చేల గట్ల మీద విల్లో చెట్లు. వానమబ్బులను కొండలు ఆవలే ఆపివేసిన దేశం ఇది.

చంద్రానది వెంట కొంతదూరం పోతే తాండీ వస్తుంది. అక్కడ చంద్ర, భాగ నదులు కలిసి చంద్రభాగ అవుతాయి. దిగువన చీనాబ్ అని పేరు పొందేది ఆ నదే. తాండీ దగ్గర కుడివైపు తిరిగి భాగానది ఒడ్డున మరికొన్ని కిలోమీటర్లు ఎగువకు పోతే కేలాంగ్. సముద్రమట్టానికి మూడువేల మీటర్లకు పైగా ఎత్తున, కొండవాలును పట్టుకొని వేలాడుతున్నట్లుండే చిన్న పట్టణం. లాహౌల్–స్పితి జిల్లాకు ముఖ్యకేంద్రం. నదికి ఆవలి గట్టు మీద కార్దంగ్ బౌద్ధారామం తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది.

ఈ ఊరి బజారులో నడిచే యాత్రికుని చూపు కొండల మీద నుంచి కిందికి దిగితే, ఆడవారి చేతుల మీద ఆగుతుంది. దుకాణం ముందు కూర్చొన్న స్త్రీ, బస్సు కోసం ఎదురుచూస్తున్న స్త్రీ, గోడకు చేరబడి ఎండ కాగుతున్న వృద్ధురాలు, ఎవరి చేతులు చూసినా ఊలు సూదులు ఆడుతూనే ఉంటాయి. ఊలుండ జేబులోనో సంచిలోనో దాగి ఉంటుంది. అందులోంచి వచ్చిన పోగు చూపుడువేలి మీదుగా సూది కొసకు పాకుతుంది. కళ్ళు ఎదుటి మనిషి మీద ఉంటాయి, నోరు ధరలు మాట్లాడుతుంది, చేతులు మాత్రం తమ లెక్క తాము తప్పవు.

ఆ చేతులు అల్లేది ఎక్కువగా మేజోళ్లు, చేతి తొడుగులు. లాహౌలీ మేజోడును ఒకసారి చూసినవారు మరచిపోరు. కాలి పైభాగాన ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం పోగులతో కోణాలూ చతురస్రాలూ ఒకదానిలో ఒకటి ఒదిగి కనిపిస్తాయి. ఈ మేజోళ్లకూ తొడుగులకూ 2021లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇంతటి గుర్తింపు పొందిన విద్య ఈ కొండలంత పాతదై ఉంటుందని ఎవరైనా అనుకొంటారు. అది నిజం కాదు. ఈ లోయకు సూదులతో అల్లడం నేర్పినవారు ఎవరో, ఏ కాలంలో నేర్పారో చరిత్రకు తెలుసు. ఒక ప్రాంతమంతా ఒక్కసారిగా అక్షరాభ్యాసం చేసినట్లు, లాహౌల్ స్త్రీలు అల్లికకు కొత్త విద్యార్థినులుగా కూర్చొన్న రోజులు ఉన్నాయి.

*

1853లో ఆగస్ట్ విల్హెల్మ్ హైడే, ఎడ్వర్డ్ పాగెల్ అనే ఇద్దరు జర్మన్ యువకులు మొరేవియన్ క్రైస్తవ సంఘం తరఫున మంగోలియాకు బయలుదేరారు. హిమాలయాలు దాటి పోవడానికి వారికి దారి దొరకలేదు. టిబెట్ తలుపులు మూసి ఉన్నాయి. చేరవలసిన చోటికి చేరలేనివారు చేరగలిగిన చోటనే నిలిచిపోయారు. ఆ చోటు కేలాంగ్. 1856లో అక్కడ ఇల్లు కట్టుకొన్నారు. మరుసటి సంవత్సరం వారితో కలిసిన హైన్రిక్ ఆగస్ట్ యాష్కే గొప్ప భాషావేత్త. ఆయన కూర్చిన టిబెటన్–ఇంగ్లీషు నిఘంటువు 1881లో వెలువడింది.

1859లో ఆ ముగ్గురు బ్రహ్మచారుల కోసం ముగ్గురు వధువులు ఐరోపా నుంచి సముద్రాలు దాటి వచ్చారు. వారిలో ఒకరు మరియా హార్ట్‌మన్. ఆమె పుట్టింది దక్షిణ అమెరికాలోని సురినాంలో, చదివింది జర్మనీలో. హైడేను పెళ్లాడబోయే ఆమె అంతకు ముందు ఆయన ముఖం చూసి ఎరుగదు. ఇరవై రెండేళ్ల ఆ వధువు కొండదారులు ఎక్కి కేలాంగ్ చేరుకొన్నది. ఆ తరువాత దాదాపు నలభై ఏళ్లు అక్కడే కాపురం చేసింది. కన్న బిడ్డల్లో కొందరిని ఆ లోయ మట్టికే అప్పగించింది. బ్రతికినవారిని చదువు కోసం చిన్నతనంలోనే జర్మనీ పంపి, ఉత్తరాలతో కడుపు నింపుకొన్నది.

మతప్రచారకులుగా హైడే దంపతులు, వారి సహచరులు సాధించినది స్వల్పం. దశాబ్దాల శ్రమకు లోయలో క్రైస్తవం పుచ్చుకొన్నవారు అతి కొద్దిమంది. బౌద్ధులు బౌద్ధులుగానే, హిందువులు హిందువులుగానే మిగిలారు. అయితే ఆ ఇంటి పెరటి నుంచి లోయలోకి నడిచిపోయినవి వేరే ఉన్నాయి. బంగాళాదుంప అందులో ఒకటి. నేడు లాహౌల్ విత్తన దుంపలకు పేరుపడిన సీమ. గట్ల మీద విల్లో చెట్ల పెంపకం మరొకటి. మూడవది అల్లిక. మరియా హైడే శీతకాలంలో స్థానిక స్త్రీలను చేరదీసి అల్లిక బడి నడిపింది. సువార్త వినడానికి వచ్చినవారి కంటె సూదులు పట్టడానికి వచ్చినవారే ఎక్కువ అని లోయ చరిత్రను చూస్తే చెప్పవచ్చు.

ఆ విద్యార్థినులు ఏమీ తెలియనివారు కారు. గొర్రె ఉన్ని వారికి పుట్టుకతో పరిచయం. ఉన్నిని ఏకడం, కదురు మీద వడకడం, మగ్గం మీద నేయడం తరతరాలుగా వచ్చిన పనులు. సగం పాఠం వారి వేళ్లకు ముందే వచ్చు. రానిది ఒక్కటే. పడుగు లేకుండా, పేక లేకుండా, ఒంటి పోగుతో గుడ్డ పుట్టించడం.

*

నేతకూ అల్లికకూ ఉన్న తేడా అక్కడే ఉన్నది. నేతలో రెండు వరుసల దారాలు ఒకదాన్ని ఒకటి అడ్డంగా దాటుతాయి. గుడ్డ చదునుగా, బిగువుగా నిలుస్తుంది, సాగదు. అల్లికలో ఉన్నది ఒకే పోగు. అది ఒక ఉచ్చుగా వంగుతుంది. ఆ ఉచ్చులోంచి రెండవ ఉచ్చు, దానిలోంచి మూడవది. ప్రతి ఉచ్చూ తన పై ఉచ్చును మోస్తూ, కింది ఉచ్చు మీద ఆధారపడి ఉంటుంది. లాగితే ఉచ్చులు సాగుతాయి, వదిలితే దగ్గరపడతాయి. మడమ మీదుగా ఎక్కి పాదాన్ని కరచిపట్టుకొనే గుణం నేతగుడ్డకు లేనిదీ, మేజోడుకు ఉన్నదీ ఇందువల్లనే. పైగా ఊలు తన బరువులో సుమారు మూడోవంతు దాకా తేమను పీల్చుకొని కూడా ఒంటికి తడి తగలనివ్వదు. ఉచ్చుల నడుమ చిక్కిన గాలి చలిని ఆపుతుంది. నెలల తరబడి మంచులో నడిచే పాదాలకు ఇంతకంటె మంచి కవచం లేదు.

తెలుగులో జడను అల్లుతాము, మల్లెలను అల్లుతాము, బుట్టను అల్లుతాము, కథను కూడా అల్లుతాము. హిందీ మాట్లాడే ఉత్తరాదిన సూది మీది కుట్టును ‘ఫందా’ అంటారు. ఆ మాటకు ఉచ్చు అనీ, ఉరి అనీ కూడా అర్థం. సూదులు ‘సలాయీలు’. కుట్లు రెండే రెండు రకాలు, సీధా, ఉల్టా. ముందు వైపు నుంచి చూస్తే సీధా అయినది వెనుక నుంచి ఉల్టా. ఎంతటి చిత్రమైన నమూనా అయినా ఈ రెంటి కలయికే. వర్ణమాలలో రెండే అక్షరాలున్న భాష అది. కొత్తగా నేర్చుకొనేవారికి ఇది ధైర్యాన్నిచ్చే మాటే. అయినా ఆ రెండక్షరాలూ చేతికి రావడానికి ఎన్నో సాయంత్రాలు పడుతుంది.

లాహౌల్ ఇళ్లలో ఆ సాయంత్రాలు తందూరు చుట్టూ గడుస్తాయి. తందూరు అంటే అక్కడ రొట్టెలు కాల్చే మట్టిపొయ్యి కాదు. గది నడుమ నిలిపిన ఇనుప పొయ్యి, పొగను పైకప్పు దాటించే గొట్టం. దాని మీద ఎప్పుడూ నీళ్లు కాగుతూ ఉంటాయి. కిటికీ బయట మంచు. లోపల చాపల మీద ఇంటిల్లిపాదీ. పిల్లకు మొదట ఇచ్చేది కొత్త ఊలు కాదు. ఏ పాత స్వెట్టరు నుంచో ఊడదీసిన పోగు. అది వంకరలు తిరిగి ఉంటుంది. పాడైనా ఎవరూ బాధపడరు.

మొదటి వరుస సూది మీద ఎక్కించడం పెద్దవారే చేసి ఇస్తారు. పిల్ల కుడిచేతి సూది కొసను మొదటి ఉచ్చులోకి దూరుస్తుంది. పోగును చుడుతుంది. కొత్త ఉచ్చును ఇవతలికి లాగుతుంది. పాత ఉచ్చును ఎడమ సూది నుంచి జార్చుతుంది. నాలుగే కదలికలు. ఆ నాలుగింటికీ నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, భుజాలు చెవుల దాకా ఎత్తి పాటుపడుతుంది. భయంవల్ల పోగును బిగిస్తుంది. బిగిసిన ఉచ్చులోకి మరుసటి వరుసలో సూది దూరదు. కొత్తవారు చేసే తొలి తప్పు ఇదే. పట్టు తప్పిపోతుందేమోనని బిగించడం, బిగించినందువల్లనే ముందుకు సాగలేకపోవడం.

రెండవ తప్పు లెక్కది. ఇరవై కుట్లతో మొదలుపెట్టిన పట్టీ పదివరుసలు తిరిగేసరికి ఇరవై ఆరు కుట్లవుతుంది. పోగు తెలియకుండా సూది మీద అదనంగా పడి, కొన్ని వరుసలలో ఒక దొంగకుట్టు పుడుతుంది. చదరంగా రావలసిన పట్టీ విసనకర్రలా విచ్చుకొంటుంది. మూడవ తప్పు అన్నిటికంటె భయంకరమైనది. ఒక కుట్టు సూది నుంచి జారిపోతుంది. అది జారితే దాని కిందిది, దాని కిందిది, వరుసగా నిచ్చెన మెట్లు విరిగినట్లు పట్టీ అడుగుదాకా విడిపోతుంది. పిల్ల కళ్లలో నీళ్లు తిరుగుతాయి. పెద్దామె కంగారు పడదు. ఒక కొక్కెం తీసుకొని, విరిగిన మెట్లను ఒక్కొక్కటిగా పైకి ఎక్కించుకొంటూ వచ్చి, జారిన కుట్టును మళ్ళీ సూది మీద నిలబెడుతుంది. మరీ చెడితే ఒకటే మాట. ఊడదియ్యి.

అల్లిక నేర్చుకోవడంలో అసలు పాఠం ఈ ఊడదీయడమే. కుండ పగిలితే మట్టి కాదు. కత్తిరించిన గుడ్డ అతుక్కోదు. అల్లిక మాత్రం ఎంత దూరం వచ్చినా పోగు కొస పట్టి లాగితే మొదటికి వస్తుంది. పోయినది కాలమే గాని ఊలు కాదు. ఆ పోయిన కాలం కూడా వృథా కాదు. రెండవసారి అల్లే చేతికి మొదటిసారి చేసిన తప్పు తెలిసి ఉంటుంది. తప్పు చేసినందుకు సిగ్గుపడక, దాన్ని దాచక, విప్పి మళ్ళీ మొదలుపెట్టగలగడం పెద్దలకు సైతం సులభంగా అబ్బే విద్య కాదు. ఎనిమిదేళ్ల పిల్ల ఒక శీతకాలంలో దాన్ని నేర్చుకొంటుంది.

పట్టీ నుంచి మేజోడుకు పోవడం పలక నుంచి పుస్తకానికి పోవడం వంటిది. రెండు సూదుల బదులు నాలుగైదు సూదులు పట్టాలి. రెండు కొసలా మొనదేలిన ఆ సూదుల మీద కుట్లను పంచుకొని, వరుసగా కాక గుండ్రంగా తిరుగుతూ గొట్టంలా అల్లాలి. మందపు ఊలుతో పెద్దవారి కాలికి యాభై అరవై కుట్లు సరిపోతాయి. రంగుల నమూనా ఉన్నచోట రెండు పోగులు ఒకేసారి నడవాలి. పని లేని పోగు లోపలివైపు వదులుగా సాగాలి. అది బిగిస్తే మేజోడు కాలికి ఎక్కదు. ఆపైన మడమ. అక్కడ వరుస చివరిదాకా పోకుండానే మధ్యలో వెనుదిరగాలి, మళ్ళీ అటు నుంచీ వెనుదిరగాలి. నిటారుగా వచ్చిన గొట్టం పాదం వైపు మలుపు తిరిగేది ఆ చోటనే. మడమ తిప్పిననాడు పిల్ల ఇక కొత్తది కాదు.

*

ఇదే 19వ శతాబ్దంలో, ఈ లోయకు ఎంతో దూరాన, సముద్రం ఒడ్డున మరొక సీమ ఇటువంటి పాఠమే నేర్చుకొన్నది. గోదావరి సముద్రాన్ని కలిసే నరసాపురం ప్రాంతానికి 1844లో స్కాట్లండు నుంచి వచ్చిన మతప్రచారక దంపతులు క్రోషే లేసు అల్లికను తెచ్చారని చెబుతారు. అక్కడ నూలు దారం, ఒకే కొక్కెం సూది. ఇక్కడ ఊలు, జంట సూదులు. నేర్పినవారి ఉద్దేశం, నేర్చుకొన్నవారి నేర్పు రెండుచోట్లా ఒక్కటే. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అయితే నరసాపురం కథలో ఒక హెచ్చరిక ఉన్నది. జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ అక్కడి లేసు స్త్రీల జీవితాన్ని పరిశీలించి 1982లో ఒక గ్రంథం ప్రకటించింది. వారు అల్లిన లేసు విదేశాలకు పోతున్నది. వర్తకులు ఎదుగుతున్నారు. అల్లే స్త్రీలు మాత్రం గంటలకొద్దీ శ్రమించి అత్యల్పమైన కూలి పొందుతున్నారు. ఎందుకంటే వారిని ఎవరూ శ్రామికులుగా లెక్కించలేదు. ఇంటిపట్టున ఉండి తీరిక వేళ ఏదో అల్లుకొనే గృహిణులుగానే చూశారు. తీరిక అన్న ఆ ఒక్క మాట వారి కష్టాన్ని కనబడకుండా చేసింది.

లాహౌల్‌లో ఇంతకాలం మేజోడు మొదట ఇంటివారి కాలికి, మిగిలితేనే బజారుకు. అల్లినది ఎవరో, తొడిగేది ఎవరో ఇద్దరికీ తెలుసు. సొరంగం వచ్చిన తరువాత ఆ లెక్క మారుతున్నది. శీతకాలంలో కూడా యాత్రికులు వస్తున్నారు, కొంటున్నారు. మైదానాల నుంచి యంత్రాల మీద అల్లిన చవుక మేజోళ్లు కూడా అదే దారిన వస్తున్నాయి. ఇంటిపనుల నడుమ చేత్తో ఒక జత ముగించడానికి రోజులు పడుతుంది. యంత్రానికి ఆ ఇబ్బంది లేదు. చేతి మేజోడుకు గంటల విలువ కట్టి ధర చెబితే కొనేవాడు వెనుకాడతాడు. కట్టకపోతే నరసాపురం పాఠం మళ్ళీ మొదలవుతుంది. స్త్రీలు బృందాలుగా చేరి తామే అమ్ముకొంటున్న చోట్ల ఈ లెక్కను తమ చేతిలో ఉంచుకొనే ప్రయత్నం కనిపిస్తున్నది. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడగలదు. కూలిని కాపాడుకోవలసింది వారే.

సొరంగాన్ని తప్పుపట్టే మనిషి లోయలో దొరకడు. ప్రసవవేదన పడే ఇల్లాలినీ, గుండెనొప్పి వచ్చిన ముసలివానినీ పెట్టుకొని హెలికాప్టరు కోసం, మబ్బు విడివడటం కోసం ఆకాశం వైపు చూసిన శీతకాలాలు వారికి ఇంకా జ్ఞాపకమే. దారి తెరుచుకోవడం వారికి ప్రాణం పోసింది. కాని ఆ మూసిన తలుపు వెనుకనే పిల్లలకు ఆరునెలల నిదానం దొరికేది. ఆ నిదానంలోనే చేతిపని ఒక తరం నుంచి మరొక తరానికి జారేది. ఇప్పుడు పిల్లలు పై చదువులకు కుల్లూకో, సిమ్లాకో, చండీగఢ్‌కో పోతున్నారు. పోవలసినదే. ఇకమీద అల్లిక దానంతట అదే రాదు. కావాలని కూర్చొని నేర్పాలి, కావాలని నేర్చుకోవాలి. మరియా హైడే నాటి స్త్రీలు కూర్చొన్నట్లు.

1898లో హైడే దంపతులు కేలాంగ్ విడిచి డార్జిలింగ్ సీమకు తరలివెళ్లారు. శరత్‌చంద్ర దాస్ కూర్చిన టిబెటన్ నిఘంటువును సరిచూసే పనిలో హైడే పాలుపంచుకొన్నాడు. ఆ గ్రంథం 1902లో కలకత్తాలో అచ్చయింది. దాని మీద ఆయన పేరు ఉన్నది. గ్రంథాలయాలలో పండితులు నేటికీ దాన్ని తెరుస్తారు. ఆయన భార్య నేర్పినదానికి పుటలు లేవు, పేరు లేదు. అయినా ఉదయం లేచి మంచులోకి అడుగుపెట్టే వేలాది పాదాలు దాన్ని రోజూ తొడుక్కొంటూనే ఉన్నాయి.

కొత్తగా నేర్చినవారి మొదటి జత ఎక్కడైనా ఒకలాగే ఉంటుంది. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఒక మడమ బిగువు, ఒక మడమ వదులు. రంగుల వరుస ఒకచోట తప్పి ఉంటుంది. అటువంటి జతను బజారులో ఎవరూ కొనరు. ఇంట్లో మాత్రం దాన్ని తొడుక్కోవడానికి ఒక తాత ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. తందూరు దగ్గర కాళ్లు చాపుకొని, బాగా వెచ్చగా ఉన్నాయని అందరికీ వినబడేలా చెబుతాడు. పిల్ల ఆ మాట విని, తలెత్తకుండానే, రెండవ జతకు కుట్లు ఎక్కిస్తూ ఉంటుంది.